నాయన పట్టిన సాన

మైదుకూరు దాటినా శ్రీవిద్య ఇంకా చెప్పలేదు. కడపలో బస్సెక్కినప్పుడు ఖాజీపేట వచ్చేలోపు చెప్పేయాలనుకుంది. ఖాజీపేటలో ఎవరో ముసలాయన మేకపిల్లను చంకలో పెట్టుకుని ఎక్కాడు, దానికి టికెట్టు కొట్టాలా వద్దా అని కండక్టరుతో రగడ పడ్డాడు, బస్సంతా నవ్వింది, అమ్మ కూడా నవ్వింది, నవ్వుతున్న మనిషికి ఎలా చెబుతాం, పోనీ మైదుకూరులో చూద్దాం అనుకుంది. మైదుకూరు వచ్చేసరికి అమ్మ కునుకు తీస్తోంది. నిద్రపోయే మనిషిని లేపి చెప్పే మాటా అది? చెప్పకూడదనుకున్న వాళ్ళకు సాకులకేం కొదవ, అందులోనూ ఎర్రబస్సులో. ఇప్పుడు సుందరలక్ష్మి తల కూతురి భుజం మీద ఉంది, చక్రం గుంతలో పడ్డప్పుడల్లా ఎగిరి మళ్ళీ అక్కడే వాలుతోంది, జడ మాత్రం కూతురి ఒళ్ళోకి జారి, కొబ్బరినూనె వాసన వేస్తూ, బరువుగా పడి ఉంది. యాభైకి దగ్గరపడిన మనిషికి ఇంత జుట్టేమిటని వీధి ఆడవాళ్ళందరి కళ్ళూ దీని మీదే. అహోబిలంలో దిగి మంగలి ముందు తల వంచితే ఇది ఉండదు. కోమటోళ్ళ ఇంట్లో పునిస్త్రీ గుండు గీయించుకోవడం ఎక్కడైనా ఉందా, మూడు కత్తెరలు ఇస్తే చాలదా అని మేనత్తలు ముక్కున వేలేసుకున్నారు. అమ్మ వినలేదు. తప్పు చేసినదాన్ని, మూడు కత్తెరలకు పోయే తప్పు కాదు అంది. నాయన ఔననలేదు, కాదనలేదు, టికెట్లు మాత్రం తీశాడు. నాలుగు వరసల వెనక, టెంకాయల సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని, కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు పెంచలయ్య, తుండుగుడ్డ చెవుల మీదుగా చుట్టుకుని.

అమ్మ తప్పు చేయలేదు. చెప్పవలసింది ఇంతే. నాలుగేళ్ళ కింద దసరాకు తన మంచు స్కేట్ల బ్లేడ్లను ఆయుధ పూజలోంచి కదిలించింది అమ్మే, నిజమే, కానీ తన కాలు చెడింది అందుకు కాదు. ఈ మాట ఎన్నిసార్లో నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి పోయింది. ఎందుకంటే దీని వెనకాలే ఇంకో మాట రావాలి. మరెందుకు చెడింది పాపా అని అమ్మ అడుగుతుంది, అడగకుండా ఉంటుందా, అప్పుడు నాయన పేరు చెప్పాలి. అమ్మను బయటపడేయాలంటే నాయనను లోపలికి తోయాలి. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమంటే ఏ బిడ్డ ఎంచుకుంటుంది? ఎంచుకోకుండా నోరు మూసుకుని కూర్చుంది, అదే ఎంచుకోవడమైంది, భారమంతా పోయి అమ్మ మీద పడింది. ఇది తెలిసి కూడా నాలుగేళ్ళు గడిపేసింది శ్రీవిద్య, తన మీద తనకే రోత పుడుతుంది ఒక్కోసారి.

దువ్వూరు దగ్గర రోడ్డు కొత్తగా వేశారు. బస్సు గోల తగ్గి నున్నగా సాగుతోంది, పక్కన కె.సి. కాలువ, పసుపు తోటలు, దూరంగా కొండలు. నున్నటి రోడ్డు కనబడితే ఇప్పటికీ ఆమె అరికాళ్ళు ఊరుకోవు, బూట్లలో వేళ్ళు ముడుచుకుంటాయి. ఏసేపు సార్ పొద్దున్నే బైపాస్ రోడ్డు మీద లారీలు రాకముందు పరిగెత్తించేవాడు, తాను సైకిలు మీద వెనక, ఈల నోట్లో. ఆయన బడిలో వ్యాయామం సారు, గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాడు, అక్కడ ఎవరో రైల్వే దొరసాని దగ్గర చక్రాల స్కేట్లు నేర్చుకుని, కడపకు వచ్చి బడి సిమెంటు నేల మీద పిల్లలకు నేర్పాడు. వచ్చిన పిల్లలంతా మోకాళ్ళు గీసుకుని ఇంటికి పోతే, మిగిలింది ఇనుప సామాన్ల అంగడి పెంచలయ్య కూతురు ఒక్కతే. "మలుపులో నిటారుగా యాలా నిలబడతాండావు పాపా, ఎడమకు ఒరుగు, ఇంగా ఒరుగు, భయపడినోళ్ళే పడతారు" అని అరిచేవాడు. ఒరిగింది. పడింది కూడా, భయం లేకపోయినా పడతారని అప్పుడే తెలిసింది, అయినా మళ్ళీ ఒరిగింది. వయసొచ్చిన పిల్లకు ఆ బిగుతు బట్టలేందని బంధువులు సతాయిస్తే నాయన నవ్వేవాడు. "ఏమప్పా, మీ పిల్లోళ్ళు కూకోని తింటాండారు, మా పాప పరిగెత్తి తింటాది. ఎవురికి అరుగుతాదో సూసుకోండి" అనేవాడు. అంగడికి వచ్చిన రైతులకు కొడవలి తూచి ఇస్తూ, అడిగినా అడగకపోయినా కూతురు గెలిచిన కప్పులు చూపించేవాడు, వాళ్ళు పాపం కొడవలి చంకలో పెట్టుకుని నిలబడి చూసేవాళ్ళు. ఆ నాయన మీద చెప్పాలి ఈ మాట.

తర్వాత మంచు. మంచు మాట తలచుకోకూడదు బస్సులో, తలచుకుంటే కళ్ళు నిండుతాయి, అమ్మ లేస్తుంది. అయినా వచ్చేసింది. ఓ చలికాలం రాష్ట్రం తరఫున సిమ్లా పంపారు, చక్రాల మీద వేగం ఉన్న పిల్లలను మంచు మీద చూద్దామని. షార్ట్ ట్రాక్ అంటారు దాన్ని, చిన్న గుండ్రటి దారి, నలుగురైదుగురు ఒకరినొకరు రాసుకుంటూ ఎడమకే తిరుగుతూ పోవాలి, గడియారంతో కాదు, పక్కమనిషితో పందెం. పొద్దున పూట మాత్రమే మంచు గట్టిగా ఉండేది, ఎండెక్కితే నీళ్ళు. కడప ఎండలో పెరిగిన పిల్ల, ముక్కు ఎర్రబడి, చేతివేళ్ళు కొయ్యబారి, మొదటి రోజు ఆవుదూడలా చతికిలబడి, మూడో రోజుకు మలుపులో ఒరిగి ఎడమచేతి వేళ్ళతో మంచును తాకింది. ఆ తాకడం! దేహంలో ఎక్కడా బరువన్నది లేదు, కాలి కింద సన్నటి ఇనుము ఒక్కటే ఉంది, అది నమ్మితే చాలు. తాను పుట్టింది ఇందుకేనని అనిపించింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని. అక్కడ ఐదువందల మీటర్లలో రెండోదిగా వచ్చింది, ఆడపిల్లల్లో కొరియా శిక్షణకు ముగ్గురిని తీసుకుంటామని, దసరా వెళ్ళాక బొంబాయిలో పోటీ పెట్టి ఎంచుతామని చెప్పారు. సార్ ఎక్కడో పాత బ్లేడ్లు సంపాదించి ఇచ్చాడు. రాతితో ఎలా నూరాలో చూపించాడు. దీని అడుగు చదునుగా ఉండల్ల పాపా, కత్తి మాదిరి ఒగ వాదర గాదు, ఈ పక్క ఒగ అంచు, ఆ పక్క ఒగ అంచు, ఒరిగినప్పుడు నిన్ను పట్టుకునేది ఆ అంచే, అన్నాడు. ఆమెకే చెప్పాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇనుము సంగతి పెంచలయ్యకు చెప్పాలని ఎవరికి తోస్తుంది?

చాగలమర్రిలో మేకపిల్ల దిగింది. అమ్మ కదిలి, "యాడికొస్తిమి?" అని, జవాబు వినకుండానే మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఇక్కణ్ణుంచి కర్నూలు జిల్లా. ఆళ్ళగడ్డలో బస్సు ఆగుతుంది, టీకి దిగుతారు, నాయన తప్పకుండా దిగుతాడు. అప్పుడు చెప్పాలి. అప్పుడు కూడా చెప్పకపోతే ఇక చెప్పే అర్హత లేదు తనకు.

ఆ దసరా. మహానవమికి అంగడిలో ఆయుధ పూజ, ఏడాదంతా అన్నం పెట్టిన సామానంతా కడిగి, సాన పట్టి, పసుపు కుంకుమ పెట్టి అమ్మవారి ముందు పరవడం. తక్కెడ, రాళ్ళు, సుత్తి, కొడవళ్ళు, గొడ్డళ్ళు, అడకత్తెరలు. పదును లేని ఆయుధం అమ్మవారి ముందు పెడితే అవమానమని నాయన నమ్మకం, వాళ్ళ నాయన నమ్మకం. ఆ ముందురోజు సాన చక్రం ముందు కూర్చుని అన్నీ తన చేత్తోనే పట్టేవాడు, పనివాళ్ళను ముట్టనిచ్చేవాడు కాదు. ఆ ఏడు కూతురి బ్లేడ్లను అన్నిటికంటే చివర, అన్నిటికంటే ఎక్కువసేపు పట్టాడు. నిప్పురవ్వలు లేచి తొడల మీద పడుతుంటే కదలకుండా పట్టి ఉంటాడు, తనకు తెలుసు ఆయన కూర్చునే తీరు, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని. శ్రీవిద్య అప్పుడు అక్కడ లేదు, సార్ ఇంట్లో వీడ్కోలు భోజనం చేస్తోంది. పూజలో పెట్టిన సామాను దశమి సాయంత్రం జమ్మికి పోయివచ్చి, ఉద్వాసన చెప్పాకే కదిలించాలి. తానే తీసి స్టేషనుకు తెస్తానన్నాడు నాయన. జమ్మి దగ్గర ఊరేగింపు ఆలస్యమైంది, రైలు ఆలస్యం కాలేదు, అంగడిలో అమ్మ అటూ ఇటూ తిరిగి, తిరిగి, ఇక ఆగలేక, అమ్మవారికి దండం పెట్టి లెంపలేసుకుని బ్లేడ్లు తీసి గుడ్డలో చుట్టి సంచిలో పెట్టింది. రైలు కదిలేటప్పుడు చేరాడు నాయన, జమ్మి ఆకు చేతిలో, చొక్కా తడిసిపోయి. సంచి చూసి అమ్మ మీద విరుచుకుపడ్డాడు. "పూజలో ఉన్నెట్వి ఎవురు తీయమన్యారే నిన్ను?" మళ్ళీ వెంటనే కూతురి కిటికీ పక్కన పరిగెత్తుతూ, ముఖమంతా వెలుగై, "నా చేత్తో సాన పట్టినా పాపా, ఇంగ నీకు ఎదురు ల్యా!" అన్నాడు. ఆ ముఖం. ఆ ముఖం అలా ఉండకపోయి ఉంటే ఎంత సులువుగా ఉండేది ఈ బతుకు.

మరునాడు పొద్దున షోలాపూర్ దాటాక గుడ్డ విప్పి చూసింది. చదునుగా ఉండవలసిన అడుగు లేదు. రెండు వైపుల నుంచీ అరగదీసి, మధ్యకు తెచ్చి, మిలమిలలాడే ఒక్క వాదర తీశాడు, కొడవలికి తీసినట్టు, ఎక్కడా చిన్న మచ్చ లేకుండా. ఎంత చక్కగా చేశాడో! అదీ ఏడుపు. అయినా ఏడవలేదు, పక్కన బెర్తు మీద కూర్చున్న మరాఠీ అవ్వ చపాతీ ఇస్తే తీసుకుని తినింది కూడా. బొంబాయిలో పిల్లల ఆటల తోటలో ఉన్న చిన్న మంచు గదిలో పోటీ. బ్లేడ్లు సరిచూసే పంజాబీ ఆయన ఒకడు పెట్టెలో రాళ్ళు, చట్రం పెట్టుకుని తలుపు దగ్గరే కూర్చున్నాడు, అడిగితే గంటలో చదును చేసిచ్చేవాడు. అంతా బాగుందా అని అడిగాడు కూడా. ఆమె బాగుంది అంది. ఎందుకంది? చూపిస్తే నవ్వుతాడు, ఎవరు పట్టారంటాడు, పక్కనున్న పిల్లలు చుట్టూ చేరతారు, నాయన నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని చేసిన పనిని చేతులు మార్చుకుంటూ నవ్వుతారు. అది చూడలేకపోయింది. సర్దుకుని పోతే సరి అనుకుంది. మొదటి మలుపులు నిటారుగా, జాగ్రత్తగా తిరిగింది, వెనకబడింది, వెనకబడటం ఓర్చుకోలేక సార్ మాట గుర్తు తెచ్చుకుని ఒరిగింది, పట్టుకోవలసిన అంచు అక్కడ లేదు. గోడ వచ్చి మోకాలికి తగిలింది. ఆ పంజాబీ ఆయన పరిగెత్తుకొచ్చి బ్లేడు మీద గోరు పెట్టి చూసి, ఏ గాడిద చేశాడిది, ఇది కూరగాయలు తరగటానికా అన్నాడు. అంత నొప్పిలోనూ చటుక్కున వచ్చింది జవాబు. "నేనే" అంది. అదే మొదలు. ఆ అబద్ధానికి ఇంకా బాకీ తీరలేదు.

మోకాలు ఒకసారి కోసి కుట్టారు, నడక వచ్చింది, ఒరగడం రాలేదు. కొరియాకు వేరే ముగ్గురు పోయారు. ఏసేపు సార్ చూడటానికి వచ్చి, ఒంటరిగా ఉన్నప్పుడు ఆ గుడ్డ విప్పి చూశాడు, ఆమె ముఖం చూశాడు, మళ్ళీ అలాగే చుట్టి పెట్టి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి పోయాడు. ఎట్లా పడితివి పాపా అని నాయన అడిగితే "జారినా నాయనా" అంది. మంచు మీద జారడంలో వింతేముంది, అక్కడితో ఆగిపోవలసింది. కానీ నాయనకు కారణం కావాలి. పెద్ద నష్టానికి కారణం దొరక్కపోతే మనిషి నిలవలేడు. ఆయనకు అమ్మ దొరికింది. ఆ మరుసటి ఏటి నుంచీ ఆయుధ పూజ రోజు అమ్మను దీపం ముట్టనివ్వడు. మిగతా రోజుల్లో మామూలుగానే ఉంటాడు, కూర బాగుందంటాడు, పండగకు చీర తెస్తాడు, ఆ ఒక్క రోజు మాత్రం "నువ్వు జరుగు" అంటాడు, అమ్మ జరుగుతుంది. అమ్మ జరిగే తీరు చూడలేక శ్రీవిద్య ఆ రోజుల్లో బడికి పోయి కూర్చుంటుంది, సెలవైనా సరే. ఆమె ఇప్పుడు ఓ ప్రైవేటు బడిలో పిల్లల చేత కసరత్తు చేయిస్తుంది, ఈల ఊదుతుంది, మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుంటుంది. మొన్న దసరాకు అమ్మ తనంతట తానే జరిగింది, నాయన అనకముందే. ఆ సాయంత్రమే మొక్కుకుంది.

ఆళ్ళగడ్డ. బస్సు ఆగింది, జనం దిగారు, నాయన టెంకాయల సంచి సీటు మీద పెట్టి, తుండుగుడ్డ విప్పి దులుపుకుంటూ దిగి టీ బంకు వైపు పోయాడు. అమ్మ లేచి జడ వెనక్కి వేసుకుంది.

"అమ్మా, నీకొక మాట చెప్పల్ల."

"చెప్పు."

"నేను పడింది నువ్వు పూజలోంచి తీసినందుకు గాదు."

చెప్పింది. చదును అడుగు, రెండు అంచులు, సాన, షోలాపూర్, పంజాబీ ఆయన, అన్నీ గబగబా, ఎక్కడ ఆగితే అక్కడే మిగిలిపోతుందో అన్నట్టు, కిటికీలోంచి టీ బంకును చూస్తూ చెప్పింది.  అయిపోయాక అమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది.

"మీ నాయనకు తెల్సునా?"

"తెలీదు."

"చెప్పొద్దు."

"అమ్మా!"

"చెప్పొద్దంటాండా గదా. నేను చేసినానని నన్ను నాలుగు మాటలంటాడు, అని అన్నం తింటాడు, అంగడికి పోతాడు. తనే చేసినాడని తెలిసిందనుకో, ఆ సాన ముందర ఇంగ కూకుంటాడా? ఇంగేం పని వచ్చు ఆయనకు?"

"మరి నువ్వు తల యాలా ఇయ్యల్ల? ఈడే దిగి వెనక్కి పోదాం పా."

"పోదాం. ఆయనకు ఏమని చెప్తావు?"

అంతలో కిటికీ దగ్గరికి నాయన వచ్చాడు, రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులు, కాలుతుంటే వేళ్ళు మార్చి మార్చి పట్టుకుంటూ. "తాగండి, బస్సు తీస్తాడు. ఏమి, పాప కండ్లు ఎర్రగుండాయి?" అన్నాడు. దుమ్మని చెప్పింది అమ్మ. "అద్దం మూసుకోవల్ల మరి" అని గ్లాసులు అందించి, బయట నుంచే అరచేత్తో తుప్పుపట్టిన అద్దం చట్రాన్ని ఇటు తోసి, అటు తోసి, అది కదలకపోతే డిపో వాళ్ళను తిట్టి, ఖాళీ గ్లాసులు తీసుకుని పోయి ఇచ్చేసి వచ్చి తన సీట్లో కూర్చున్నాడు.

బస్సు అహోబిలం దారి పట్టింది. పొలాలు పోయి తుమ్మ చెట్లు, రాళ్ళు మొదలయ్యాయి, ఎదురుగా నల్లమల దగ్గరపడుతోంది.  ఇక అమ్మ మనసు తేలికపడిందనే అనుకుంది శ్రీవిద్య, తనకూ ఎన్నాళ్ళకో ఊపిరి పూర్తిగా అందినట్టనిపించింది. కానీ అమ్మ వేళ్ళు కొంగు చివరను మెలిపెడుతూనే ఉన్నాయి.

"నేను తీసియ్యకపోయింటే ఆ పొద్దు నీకు రైలు తప్పిపోతాండె" అంది అమ్మ. "తప్పిపోయింటే కాలు బాగుంటాండె."

 నిజం చెబితే అమ్మ బయటపడుతుందనుకుంది శ్రీవిద్య. అమ్మ బయటపడలేదు, లోపల ఇంకో గది వెతుక్కుంది, ఇది దేవుడి కోపం కంటే గట్టిది, మంగలి కత్తికి తెగేది కాదు. చెప్పకుండా ఉండి అమ్మను ఒక రకంగా చంపింది, చెప్పి ఇంకో రకంగా. ఇప్పుడేం చెప్పాలి? ఏం చెబితే దీన్ని ఆపగలదు? వెతికితే దొరికింది ఒక్కటే, అది ఓదార్పు కోసం కల్పించింది కాదు.

"రైలు తప్పిపోయింటే నేను నిన్ను జన్మలో క్షమించకపోతుంటినమ్మా. మంచు మీద ఇంగొక్క దినం కావల్లని ఉండె నాకు. నువ్వు తీసిచ్చినందుకే దొరికింది. పడేదాకా నేను బాగనే ఉంటి, శానా బాగుంటి."

అమ్మ ఆమె వైపు తిరిగింది. ముఖంలోకి చూసింది, మోకాలి వైపు చూసింది, మళ్ళీ ముఖంలోకి.

"ఎట్లుంటాది పాపా అది?"

"ఏది?"

"మంచు మింద పోయేది. ఇన్నేండ్లాయె, నేను అడగనే ల్యా."

శ్రీవిద్య చలి గురించి మొదలుపెట్టింది, అది కాదు. చప్పుడు గురించి చెప్పింది, ఇనుము మంచును గీరుకుంటూ పోయే చప్పుడు, చెవి పక్కన గాలి, ముందున్న పిల్ల నడుము, మలుపు వచ్చే ముందు కడుపులో లేచే భయం, ఒరిగాక అది ఏమైపోతుందో తెలియకపోవడం. చెబుతూ చెబుతూ సీట్లోనే ఎడమకు ఒరిగింది, ఒరిగి అమ్మ మీద వాలింది. అమ్మ తోయలేదు, తానూ కాస్త ఒరిగి చోటిచ్చింది. కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండానే చెప్పింది. కొండ మలుపుల్లో బస్సు తిరుగుతోంది, దిగువ అహోబిలం గోపురం చెట్ల పైన కనబడి మళ్ళీ దాక్కుంది, జనం సంచులు సర్దుకుంటున్నారు.

"ఏందే అంత ముచ్చట?" అని వెనక నుంచి అరిచాడు పెంచలయ్య.

తల్లీ కూతుళ్ళు ఇద్దరూ వెనక్కి తిరిగి, ఒక్కసారే అన్నారు.

"ఏమీ లేదు."